చీలిక పూతలోనా, లోహంలోనా

2016 జూన్‌లో నేను బందరులోని ఒక రోల్డుగోల్డు యూనిట్‌లో కెమిస్టుగా చేరాను. అంతకుముందు ఉద్యోగమంతా హైదరాబాదులో, అల్యూమినియం భాగాలకు అనోడైజింగ్ చేసే ఫ్యాక్టరీలో గడిచింది. బందరు యూనిట్ అప్పటిదాకా రాగి, ఇత్తడి నగలకు బంగారు పూత పూసేది. యజమాని కొత్తగా రంగు రంగుల అల్యూమినియం గాజులు చెయ్యాలనుకుని ఒక అనోడైజింగ్ విభాగం పెట్టాడు. ఆ లోహం తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు కనక నన్ను పిలిచారు.

హోదాలో నా పైన మేనేజరు, నా కింద ఫోర్‌మన్. ఇది కాగితం మీది సంగతి. రోజూ పొద్దున్నే ఒక్కో తొట్టిలోంచి ద్రావణం తెచ్చి పరీక్షించి, ఏ లవణం ఎంత కలపాలో చెప్పడం నా పని. చెప్పింది కలిపేది మాత్రం ఫోర్‌మన్ కోటేశ్వరరావు గారు. ఆయన్ని పనివాళ్ల దగ్గర నుంచి యజమాని దాకా అందరూ కోటయ్య మావయ్య అనేవారు. చిన్నప్పటి నుంచీ రాగి, ఇత్తడి మధ్యే పెరిగిన మనిషి. అల్యూమినియం అంటే ఆయనకు కొంచెం చులకన. “ఉలకదు, పలకదు. దీన్నొక లోహమంటారా మేడమ్ గారూ?” అనేవాడు.

అనోడైజింగ్ అంటే రంగు వెయ్యడం కాదు. అల్యూమినియం వస్తువుని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, కరెంటు ధనధ్రువానికి తగిలిస్తే, దాని పైపొర ఆక్సైడుగా మారుతుంది. బంగారు పూత బయటి నుంచి వచ్చి అంటుకుంటుంది. ఇది లోహంలోంచే పుడుతుంది. అందుకే గీకినా, రుద్దినా ఊడదు. ఆమ్లాన్ని బాగా చల్లబరిచి, కరెంటు ఎక్కువ పెట్టి మందంగా పెంచితే దాన్ని హార్డ్ అనోడైజింగ్ అంటాం. ముదురు బూడిద రంగులో ఉంటుంది. అద్దమంత గట్టిది, అద్దంలాగే పెళుసు కూడా. కింది లోహం వంగితే ఇది వంగదు, పగులుతుంది.

మా తమ్ముడు భాస్కర్ అవనిగడ్డలో వ్యాయామోపాధ్యాయుడు. 2021 మే నెలలో కోవిడ్‌తో పోయాడు. వాడి గురించి ఇక్కడ ఇంతకంటే రాయను. వాడి సైకిలు గురించి రాయాలి.

అది పాత విదేశీ రేసు సైకిలు. పుణెలో ఒకప్పటి పందెగాడి దగ్గర కొన్నాడు. దాని మీద దివిసీమ పిల్లలకు సైక్లింగ్ నేర్పేవాడు. వాళ్లలో నాగమణి అనే అమ్మాయి మిగిలింది. ఆమెది నాగాయలంక దగ్గర పల్లెకారుల ఊరు. వాళ్ల అమ్మ మాణిక్యం అవనిగడ్డలో చేపలమ్ముతుంది. తమ్ముడు పోయాక వాడి స్నేహితుడు మురళి, గుడివాడలో అదే ఉద్యోగం చేస్తున్నవాడు, ఆ అమ్మాయి శిక్షణ చూసుకుంటున్నాడు. సైకిలు ఆమె దగ్గరే ఉంచమని నేనే చెప్పాను.

2022 వేసవిలో ముగ్గురూ మా యూనిట్‌కి వచ్చారు. మురళి చేతిలో రెండు చక్రాలు.

విషయం ఇది. వచ్చే ఆదివారం గుడివాడలో జూనియర్ల ఎంపిక పోటీ. నెగ్గిన వాళ్లని స్పోర్ట్స్ హాస్టల్లోకి తీసుకుంటారు, అక్కడ సైకిలు, కోచ్ అన్నీ వాళ్లే ఇస్తారు. నాగమణికి వయసు రీత్యా ఇదే ఆఖరి అవకాశం. మా దగ్గరికి వచ్చే ముందు రోజు మురళి చక్రాలు తుడుస్తుంటే వెనక రిమ్ములో, చువ్వలు దూరే రంధ్రాల చుట్టూ సన్నటి గీతలు కనిపించాయి. ఆ అల్యూమినియం రిమ్ములు హార్డ్ అనోడైజింగ్ చేసినవి. గీతలు కేవలం ఆ పూతలో పగుళ్లయితే ఏమీ కాదు. లోహంలో చీలికలైతే, మంచి వేగంలో ఉండగా రిమ్ము విచ్చుకుంటుంది. విజయవాడ షాపులన్నీ తిరిగాడు. చక్రం మధ్యలో ఉండే ఆ పాత హబ్బుకి సరిపడే వెనక రిమ్ము ఎక్కడా లేదు.

“అక్కా, తెలియకుండా ఈ పిల్లని దీని మీద ఎక్కించలేను,” అన్నాడు మురళి. “వాడుంటే చేత్తో తడిమి చెప్పేసేవాడు.”

“వాడు తడిమి చెప్తే నేను నమ్మేదాన్ని కాదు,” అన్నాను.

నాగమణి అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. “నేను తొక్కేస్తానండీ. విరిగితే పడతాను, అంతే కదా.”

“అంతే మరి,” అంది వాళ్లమ్మ. “పడేది నువ్వు, మోసేది నేను.” తర్వాత నా వైపు తిరిగి, “అమ్మగారూ, పడవ చెక్కలో పగులుందేమోనని అనుమానమొస్తే మేం పైన తారు గీకేసి చూస్తామండి. దీనికీ అట్టా గీకడం కుదరదా?” అని అడిగింది.

ఆ అమ్మ అడిగిందే అసలు పని. పూత తీసేసి చూడాలి. తీయడంలో కింది లోహం మాత్రం ఒక్క పొర కూడా పోకూడదు. పోతే సన్నటి చీలిక నోరు తెరుచుకుని పెద్దదవుతుంది, లేదా అంచులు కరిగి కనిపించకుండా పోతుంది. ఎలా పోయినా మనం చూసేది అబద్ధమే.

పూత తీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి వేడి కాస్టిక్ సోడా. ప్రతి అనోడైజింగ్ విభాగంలోనూ ఒక తొట్టి ఉంటుంది. త్వరగా తీస్తుంది, కానీ పూతకీ లోహానికీ తేడా చూడదు. రెండోది ఫాస్ఫారిక్ ఆమ్లం, క్రోమిక్ ఆమ్లం కలిపిన ఎర్రటి ద్రావణం. దాదాపు మరిగే వేడిలో అది ఆక్సైడుని మాత్రమే కరిగిస్తుంది, లోహం జోలికి పోదు. పూత ఎంత మందం ఉందో కొలవడానికి లాబ్‌లో చిన్న ముక్కల మీద నేను వాడేది అదే. క్రోమిక్ ఆమ్లం విషం. ఆవిరి పీల్చకూడదు, ఒంటి మీద పడకూడదు, వాడాక కాలవలోకి వదలకూడదు. దాన్ని విడిగా శుద్ధి చెయ్యాలి. అందుకని బీకరు దాటి ఎప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడు సైకిలు రిమ్ముకి చెయ్యాలి.

నిజం చెప్పాలంటే నాకు ఉత్సాహం ఆగలేదు. ఏడాదిగా గాజుల రంగులు చూస్తూ రోజులు వెళ్లదీస్తున్నాను. ఒక కచ్చితమైన ప్రశ్న, దానికి అవును కాదు అని సమాధానం దొరికే అవకాశం, ముందు ఆదివారం గడువు. ఆ రాత్రి పాత పుస్తకాలు తీసి పాళ్లు సరిచూసుకున్నాను.

మా ట్రేడులో అమావాస్య సెలవు. మేనేజరు గారు ఆ రోజు చేసుకోమని ఒప్పుకున్నారు. “ఆ ఎర్ర నీళ్లు మాత్రం మీరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదండీ,” అని షరతు పెట్టారు. సెలవైనా కోటయ్య మావయ్య వచ్చాడు. అంత ద్రావణం నా దగ్గర లేదు, రిమ్ము మొత్తం మునిగే పాత్రా లేదు అంటే, పాత స్టెయిన్‌లెస్ రేకుని వంచి, అతికించి, రిమ్ము వంపులో కొంత భాగం మునిగేటట్టు ఒక దోనె చేసి పెట్టాడు. కొంత ముంచి, తిప్పి, మళ్లీ కొంత ముంచాలి. చక్కగా అమరింది.

మురళి చువ్వలన్నీ విప్పి రెండు రిమ్ములూ విడదీశాడు. ముందు రిమ్ములోనూ ఒకటి రెండు గీతలున్నాయి కాబట్టి రెండూ చూద్దామనుకున్నాం. నేను లోపల ఫ్యాను కింద ద్రావణం వేడి చేస్తున్నాను. అది వేడెక్కడానికి చాలా సేపు పట్టింది.

“మీరిట్టా ఇంతింత ముంచుకుంటూ కూర్చుంటే అమావాస్య కాస్తా పౌర్ణమవుద్ది మేడమ్ గారూ,” అని మావయ్య గుమ్మం దగ్గర నుంచి ఒక మాట అని వెళ్లాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

కాసేపటికి నాగమణి కేక వినిపించింది. “మేడమ్! తొట్టి పాలు పొంగినట్టు పొంగుతోందండీ!”

వెంటనే మావయ్య గొంతు, తాపీగా, “పొంగనీవమ్మా. అదే ఆగుద్ది.”

పరుగెత్తాను. సాయం చేద్దామని ఆయన ముందు రిమ్ముని కాస్టిక్ తొట్టిలో వేశాడు. తెల్లటి నురగ అంచు దాటి కారుతోంది. పొడవాటి కొక్కెంతో పైకి లాగి నీళ్ల తొట్టిలో పడేశాను.

ఆయన చేసింది అజాగ్రత్త కాదు. రాగి పనిలో అదే పద్ధతి. కాలి నల్లబడ్డ రాగి సరుకుని ఆమ్లంలో వేస్తే చిటపటలాడుతూ మలినం వదులుతుంది. అది పోయి అసలు రాగి బయటపడగానే సందడి ఆగిపోతుంది. “సందడి ఆగేదాకా తియ్యకు” అన్నది బందరులో ప్రతి పనివాడూ మొదటి రోజున నేర్చుకునే మాట. అల్యూమినియం దగ్గర ఈ వరస తిరగబడుతుంది. పూత ఉన్నంతసేపూ కాస్టిక్ పెద్దగా చప్పుడు చెయ్యదు. బుడగలు జోరందుకున్నాయంటే, ఎక్కడో పూత అయిపోయి లోహాన్ని తింటోందన్నమాట. ఆ సందడి ఆగేదాకా ఆగితే, తియ్యడానికి వస్తువే మిగలదు.

ఈ సంగతి చెప్తే మావయ్య నోరు తెరిచాడు. “ఇదెక్కడి లోహమండీ బాబూ! బాగున్నంతసేపూ నోరు మూసుకుని, చచ్చేటప్పుడు కేకలేస్తుందా?”

రిమ్ము కడిగి చూశాం. మధ్యలో బూడిద రంగు పూత మచ్చలు మచ్చలుగా ఇంకా ఉంది. పూత పలచగా ఉండే అంచుల దగ్గర మాత్రం లోహం కరిగి కత్తి అంచులా అయింది. వెర్నియర్‌తో కొలిస్తే బ్రేకు పట్టే గోడ సగానికి సగం పోయింది. ఇక అది చక్రానికి పనికిరాదు.

మాణిక్యమే ముందు తేరుకుంది. “రెండోది కూడా ఈ బాబాయి గారికే ఇస్తారా అమ్మగారూ, లేకపోతే మనం ఏమన్నా ఉంచుకుందామా?”

మావయ్య తల వంచుకుని నవ్వాడు. మురళి ఊపిరి పీల్చుకుని, ముందు చక్రానికి దారుందన్నాడు. తన సైకిలుది తీసి బిగించవచ్చు, ముందు వైపు గేర్లుండవు కాబట్టి ఏదైనా సరిపోతుంది. వెనకదానికి మాత్రం మరో దారి లేదు. అంతా ఇప్పుడు ఈ ఒక్క రిమ్ము మీదే ఉంది.

మొదటి వంపుని దోనెలో ముంచాను. గాజుల మీది పూతయితే టీ తాగి వచ్చేలోపు పోతుంది. దీనికి ఏమీ కాలేదు. తీసి, కడిగి, మళ్లీ ముంచాను. నల్లదనం కాస్త తగ్గి గోధుమ రంగు వచ్చింది. అంతే. ఈ పూత మందం నేను అనుకున్నదానికంటే ఎక్కువ. ద్రావణం వేడి తగ్గకుండా చూసుకుంటూ మూడోసారి ముంచి లేపేసరికి అంచు వెంట వెండి దారంలా ఒక తెల్లటి గీత. కింద లోహం మెరుస్తోంది. బుడగ లేదు, చప్పుడు లేదు. ఆ మౌనమే నాకు కావలసింది.

“వచ్చేసిందండీ!” అని నాగమణి అరిచింది. నేను అరవలేదు గానీ అరిచినంత పనే అయింది.

మొదటి రంధ్రం దగ్గర లైటు వేసి భూతద్దం పెట్టి చూశాను. చుట్టూ ఉన్న గీతలు పూతతో పాటే పోయాయి. కింద నున్నటి లోహం. ఆ గీతలు పూతవే. ఇక అక్కడి నుంచి ఒక పద్ధతి కుదిరింది. ముంచి తీసేది నేను, నీళ్లు పోసేది మురళి, దులిపి తుడిచేది మావయ్య. భూతద్దం నాగమణి చేతికిచ్చాను. నా కంటే ఆమె కళ్లు మంచివి. ప్రతి రంధ్రం దగ్గరా ఆమె “లేదండీ” అనడం, వెనక నేను చూసి సరే అనడం. మాణిక్యం స్టూలు మీద కూర్చుని ప్రతి “లేదండీ”కీ దణ్ణం పెట్టుకుంటోంది.

మధ్యాహ్నం దాటాక, ఒక రంధ్రం దగ్గర నాగమణి ఏమీ అనలేదు. చాలాసేపు చూసి, “ఇక్కడ పోలేదండీ,” అంది.

నేను చూశాను. పూత పూర్తిగా పోయింది. గీత ఉంది.

గీత ఉన్నంత మాత్రాన చీలిక కాదు. రిమ్ము చేసినప్పుడు పనిముట్టు గీసిన గాటు కావచ్చు. తేడా తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. చీలికకి లోతు ఉంటుంది. దాని మీద కిరోసిన్ రాసి కాసేపు ఆగితే లోపలికి ఇంకుతుంది. పైన శుభ్రంగా తుడిచేసి సుద్దపొడి చల్లితే, లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి సుద్ద మీద తడి గీతగా కనిపిస్తుంది. ఉత్త గాటైతే తుడవగానే ఖాళీ అవుతుంది, సుద్ద పొడిగానే ఉంటుంది. యంత్రాలు కడగడానికి మావయ్య దాచుకున్న కిరోసిన్ సీసా తెచ్చాడు.

ముందు పరీక్ష సరిగా పనిచేస్తోందో లేదో తెలియాలి. చీలిందని నాకు ముందే తెలిసిన ఒక అల్యూమినియం గాజు మీద చేశాను. సుద్ద మీద నల్లటి వెంట్రుకలా తడి గీత వచ్చింది. అందరికీ చూపించాను, చీలికైతే ఇలా వస్తుందని. తర్వాత రిమ్ము మీద కిరోసిన్ రాశాను. ఆగాం. తుడిచాను. సుద్ద చల్లాను.

ఐదుగురం ఆ తెల్లటి పొడి మీదకి వంగి ఊపిరి బిగబట్టి చూశాం. మావయ్య ఊపిరి వదలబోతే మాణిక్యం భుజం మీద చరిచింది. సుద్ద పొడిగానే ఉంది. ఇంకా ఆగాం. పొడిగానే ఉంది.

“గాటు,” అన్నాను. “చీలిక కాదు.”

నాగమణి ఎగిరి మురళి మెడ పట్టుకుంది. ఆ గాటుని సన్న ఎమరీ కాగితంతో రుద్ది చెరిపేద్దామా అని మావయ్య అడిగాడు. వద్దన్నాను. తర్వాత మళ్లీ చూసుకోవడానికి ఆధారం ఉండాలి. మురళికి మాత్రం రెండు మాటలు చెప్పాను. బయటి వైపు ఎక్కడా చీలిక లేదు, పోటీకి వాడుకోవచ్చు. కానీ ఆ ఒక్కసారికే, పూత లేని అల్యూమినియం ఉప్పు గాలిలో ఎక్కువ కాలం నిలవదు.

ఆదివారం పొద్దున గుడివాడ నుంచి పామర్రు వెళ్లే రోడ్డు మీద నిలబడ్డాం, నేనూ, మాణిక్యమూ, మావయ్యా. ఈ రకం పోటీలో అందరూ కలిసి బయల్దేరరు. ఒకరి తర్వాత ఒకరిని వదిలి గడియారంతో కొలుస్తారు. అందుకని ఎవరు ముందున్నారో రోడ్డు పక్కనున్న వాళ్లకి తెలియదు. ఎవరు ఎంత కష్టపడుతున్నారో మాత్రం తెలుస్తుంది. నాగమణి తల బాగా కిందికి దించి వచ్చింది. ముందు చక్రం నల్లగా, వెనక చక్రం తెల్లగా. జనం మనిషిని చూశారు. నేను వెనక చక్రాన్నే చూశాను. తిన్నగా తిరుగుతోంది, కుడికీ ఎడమకీ ఊగడం లేదు.

“అమ్మగారూ, ఊపిరి పీల్చండి,” అంది మాణిక్యం.

ఎంపికైన వాళ్ల పేర్లు మైకులో చదివారు. మొదటి పేరు, రెండో పేరు మనవి కావు. మూడో పేరు చదువుతుండగా మైకు గీపెట్టింది. చదివేవాడు మళ్లీ మొదలుపెట్టాడు. “నాగాయలంక…” దాకా వినిపించింది. మిగతాది మాణిక్యం కేకలో కలిసిపోయింది.

హాస్టలుకి వెళ్లేముందు నాగమణి ఆ వెనక చక్రం తెచ్చి నాకిచ్చింది. భాస్కర్ సారు గుర్తుగా ఉంచుకోమంది. దాన్ని గోడకి తగిలించాలని నాకు అనిపించలేదు. నేను చెప్పిన సమాధానం సరైనదో కాదో కచ్చితంగా తేల్చుకునే వీలు ఇప్పుడుంది. ఇక దాని మీద ఎవరూ ఎక్కరు కాబట్టి కొయ్యవచ్చు. తమ్ముడిది కాబట్టి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఆ గాటున్న రంధ్రమూ, దాని పక్క రంధ్రమూ కలిసొచ్చేటట్టు హాక్సాతో ఒక ముక్క కోశాను. కోసిన అడ్డుకోతని ఎమరీ మీద, తర్వాత గుడ్డ మీద అద్దంలా నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. గాటు గాటే. లోతు లేదు, కింద లోహం చెక్కుచెదరలేదు. నా తీర్పు సరైనదే.

పక్క రంధ్రం దగ్గర చీలిక ఉంది. అది బయటి వైపు నుంచి రాలేదు. రిమ్ము లోపలంతా బోలు. ఆ లోపలి గోడ నుంచి మొదలై, లోహం మందంలో మూడో వంతు దాకా పైకి వచ్చి ఆగింది. పూత తీసినా, భూతద్దం పెట్టినా, కిరోసిన్ రాసినా అది బయటికి కనిపించే దారి లేదు.

కోటయ్య మావయ్యని పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు. “అమ్మాయికి చెప్తారా?” అని అడిగాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. నాగమణి “అది ఇంకెంత దూరం వచ్చేదండీ?” అంది. తెలియదన్నాను. అది నిజం, ఎవరూ చెప్పలేరు. “మా అమ్మకి మాత్రం చెప్పకండి,” అంది.

మురళికి నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. బయటి వైపు చీలిక లేదన్నాను, లేదు. కానీ లోపలి వైపు చూడలేదని అనలేదు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, నేను సంతకం పెట్టిన ప్రతి పరీక్ష రిపోర్టులోనూ రెండు వాక్యాలు ఉండేవి. ఏ వైపు చూశాను అన్నది ఒకటి, ఏ వైపు చూడడానికి వీలు కాలేదు అన్నది రెండోది. అవసరం లేని పొడుగు అని మేనేజరు గారు ఒకసారి రెండోది కొట్టేస్తే, మళ్లీ రాయించాను. పరీక్ష చూసిన చోటు గురించే చెప్తుంది. చూడని చోటు గురించి ఏమీ రాయకపోతే, చదివేవాళ్లు అది కూడా బాగుందనే అనుకుంటారు.